ధ్వని గడి ఖాళీ

మార్చి 3

చిన్నోడా,

నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. మెసేజ్ పెడితే రెండు మాటలు పంపుతావు, అందులో ఒకటి "సరే". నాకు కావలసింది రెండు మాటల్లో తేలేది కాదు కాబట్టి కాగితం తీశాను.

ఇక్కడ అందరం బాగున్నాం. పిల్లకి పరీక్షలు అయిపోయాయి. మీ బావకి ఆఫీసులో కుర్చీ కిటికీ పక్కకి మార్చారట, అదేదో ప్రమోషన్ వచ్చినట్టు నాలుగు రోజులుగా చెబుతున్నారు.

సంగతి ఏమిటంటే, ఇంటికి ఒక కీబోర్డు కొనాలి. వాయించి, రికార్డు చేసుకుని, దాని మీద ఇంకో వరస వేసి, ఇంట్లోనే పాట పూర్తిచేసుకునే రకం. మా పై అంతస్తులో ఉండే ఫిజియో అమ్మాయి ఆసుపత్రి వార్డులో, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళచేత మళ్ళీ నడిపిస్తుంది. నిమిషానికి యాభై అడుగులు. సినిమా పాట పెడితే ఉరకబోయి తూలుతున్నారట. గడియారం టిక్కుటిక్కు పెడితే బిగుసుకుపోతున్నారట. ఆ నడకకి సరిపోయే సంగీతం జూన్ ఆఖరుకల్లా చేసి ఇస్తామని మాటిచ్చాం.

ఇరవై వేలు. పైన ఒక్కటి కూడా కాదు. మూడేళ్ళు పక్కన పెడితే అయింది, రెండోసారి కొనడమంటూ ఉండదు. అందుకే తప్పు వస్తువు కొనకూడదు. కాగితం మీద గడులు గీసుకున్నాను: ధర, మీటలు ఎన్ని, బరువు, వేలికి ఎలా ఉంటుంది, కంప్యూటరుకి తగిలించవచ్చా, ధ్వని, ఎన్నాళ్ళు మన్నుతుంది. నువ్వు పదహారేళ్ళు ఆర్కెస్ట్రాలో వాయించావు, రెండేళ్ళుగా అవే రిపేరు చేస్తున్నావు. నీకంటే తెలిసినవాళ్ళని నేనెక్కడ వెతకను?

వేళకి తింటున్నావని అనుకుంటూ,
అక్క


మార్చి 12

అక్కా,

నీ కవరు చూసి మా ఓనరు కోర్టు నోటీసేమోనని దూరం జరిగాడు. మా అక్క చేతిరాత అంతే సార్ అన్నాను.

పిల్లకి సంగీతం మీద మనసు మళ్ళిందంటే మంచిదే. సెలవుల్లో ఫోన్ పట్టుకుని కూర్చోకుండా ఉంటుంది. పెద్దగా ఆలోచించకు. మీటల కింద దీపాలు వెలిగే రకం ఒకటుంది, ఎక్కడ వెలిగితే అక్కడ నొక్కడమే. పాఠాలు అందులోనే ఉంటాయి. తొమ్మిది వేలు. పిల్లలకి మూడు నెలల్లో మోజు తీరిపోతుంది, అప్పుడు నేనే సగం ధరకి తీసుకుంటాను. మిగిలిన పదకొండుతో నువ్వొక మంచి మిక్సీ కొనుక్కో.

ఫోన్ సంగతి ఏమనుకోకు. దుకాణంలో పొద్దస్తమానం గోల, జేబులో మోగినా తెలియదు.

ఇక్కడ కొత్త తలనొప్పి ఒకటి. బళ్ళో పాటలు నేర్పే టీచరమ్మ, నేను బాగుచేసి ఇచ్చిన కీబోర్డు వెనక్కి తెచ్చింది. సన్నగా కుయ్‌మంటోందట. నేను మీటరు పెట్టి మరీ చూశాను, ముల్లు నిటారుగా ఉంది. ఏమీ లేదని పంపించేశాను. కొందరికి డబ్బిచ్చాక ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది.

బావని కిటికీలోంచి పడిపోవద్దని చెప్పు.

తమ్ముడు


మార్చి 19

చిన్నోడా,

కీబోర్డు పిల్లకి కాదు. నాకు.

నీకు తెలుస్తుందనుకుని రాయలేదు, నాదీ కొంత తప్పు. కానీ మిక్సీ అన్నావు చూడు, అది మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

నీదొక్కడిదే తప్పు కాదులే. మొన్న ఇక్కడి దుకాణానికి వెళ్ళాను. కౌంటరు దగ్గర అబ్బాయి "బాబుకా, పాపకా?" అన్నాడు. నాకే అన్నాను. "అదేనండీ, అంటే మీ ఇంట్లో ఎవరికి?" అన్నాడు. నేనే వాయిస్తాను నాయనా అంటే, దీపాలు వెలిగేది చూపించి ఒక రంగుల కాగితం చేతిలో పెట్టాడు. తెచ్చి దాచాను.

మేష్టారు మనింటికి వచ్చి నీకు పాఠం చెప్పిన ఆరేళ్ళూ నేను వంటింట్లో ఉన్నాను. ఇద్దరి ఫీజు కట్టే స్తోమత నాన్నకి లేదు, అందులో ఎవరినీ అనడానికి లేదు. నువ్వు తప్పు మీట నొక్కితే గరిటెతో గోడ మీద కొట్టేదాన్ని. మేష్టారు "లోపల ఎవరో దిద్దుతున్నారురా" అనేవారు. ఆ పాఠాలన్నీ నాకు వచ్చు. చేతితో వాయించినది తక్కువ, అంతే. పెళ్ళయ్యాక పక్కింటివాళ్ళ హార్మోనియం మీద ఏడాది సాధన చేశాను, వాళ్ళు ఇల్లు మారిపోయారు.

వార్డు కోసం నాలుగు నిమిషాల పాట సగం కట్టేశాను. స్వరాలు రాసి ఉన్నాయి, వాయించడానికి పెట్టె లేదు. అందుకని ఇది మిక్సీ బేరం కాదు. సరిగ్గా చూసి మూడు రాయి. గడులున్న కాగితం జతచేశాను, నింపి పంపు.

అక్క


మార్చి 30

అక్కా,

లెంపలు వేసుకున్నాను. ఓనరు ఎందుకని అడిగితే దోమలన్నాను.

గరిటె గుర్తుంది. మేష్టారి కన్నా నాకు ఆ గోడంటేనే భయం.

నీ కాగితం నింపాను. మొదటిది ఆ దీపాలదే, పాపం దాన్నెందుకు కొట్టెయ్యడం. అరవై ఒక్క మీటలు, నాలుగున్నర కిలోలు, మీట తేలిగ్గా, బోలుగా ఉంటుంది, ప్లాస్టిక్ గిన్నె మీద కొట్టినట్టు. రెండోది మా దుకాణంలోనే ఉంది, వాడినది, పేరు చెరిగిపోయి ఒట్టి నల్లగా మిగిలింది. నేనే విప్పి శుభ్రం చేశాను. ఏడు కిలోలు. మీట కిందికి దిగేటప్పుడు చివర్లో చిన్న పట్టు ఉంటుంది, వేలికి నమ్మకంగా ఉంటుంది. కంప్యూటరుకి వైరుతో తగిలించవచ్చు, ఎనిమిది వరసలు ఒకదాని మీద ఒకటి లోపలే దాచుకుంటుంది. వేగం నిమిషానికి నలభై దాకా దింపుకోవచ్చు, నీ వార్డుకి అది కావాలి. పద్దెనిమిది వేలు. మూడోది చిన్నది, ముప్పై ఏడే మీటలు, బోలెడన్ని తిప్పుడు బిరడాలు. బల్ల మీద చోటు పట్టదు కానీ మీటలు సన్నం, రెండు వేళ్ళు పెట్టేచోట మూడు పడతాయి.

మన్నిక మూడింటికీ రాశాను. ధ్వని అంటావా, మూడూ బాగానే ఉంటాయి.

తమ్ముడు


ఏప్రిల్ 8

చిన్నోడా,

నీ కాగితం గోడకి అంటించుకుని చూశాను. ఆరు గడులు నిండాయి. ధ్వని గడిలో మూడింటికీ చిన్న గీత పెట్టావు. "మూడూ బాగానే ఉంటాయి" అనేది జవాబు కాదు. కూరగాయల బండి దగ్గర కూడా అంతకంటే ఎక్కువ చెబుతారు.

మీట కింద పట్టు గురించి అంత వివరంగా రాసినవాడివి, దాన్ని నొక్కితే ఏం వస్తుందో ఒక్క వాక్యం రాయలేదు. వచ్చేపోయేవాళ్ళకైతే వాయించి వినిపిస్తావు కదా. అక్కకి ఈపాటి చాలనుకున్నావా?

లేకపోతే రెండేళ్ళ కిందటి మాట ఇంకా మనసులో ఉందా? ఊళ్ళు తిరిగే పని మానేసి కుదురుగా ఉండే పని చూసుకోమన్నాను. నెల తిరక్కుండా ఆర్కెస్ట్రా వదిలేశావు. నా మాట విన్నావని అప్పుడు సంతోషించాను. ఇప్పుడు ఫోన్ తీయకపోవడం చూస్తుంటే, నావల్లే వదులుకున్నానని కోపం పెట్టుకున్నావేమో అనిపిస్తోంది. అదే అయితే తిట్టు, పడతాను. పని మాత్రం పూర్తిగా చెయ్యి. మూడూ వాయించి, తంత్రుల ధ్వని, పిల్లనగ్రోవి ధ్వని ఎలా ఉన్నాయో రాయి.

కుళాయి కారుతోంది. ప్లంబరు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ "వాషరే కదమ్మా" అని వెళ్ళాడు.

అక్క


ఏప్రిల్ 15

అక్కా,

నీ మీద ఎవరికీ కోపం లేదు. అన్నిటికీ నువ్వే కారణమనుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

రాయమన్నావు, రాస్తున్నాను. దీపాలది: తంత్రుల ధ్వని వెచ్చగా, విశాలంగా, సభామందిరంలో కూర్చున్న అనుభూతిని కలిగిస్తుంది. పిల్లనగ్రోవి స్వచ్ఛంగా, సహజమైన ఊపిరితో పలుకుతుంది. నల్లది: ధ్వని గంభీరంగా, స్పష్టంగా ఉంటుంది. చిన్నది: ఆధునికంగా, పదునుగా ఉంటుంది.

ఇక నీ ఇష్టం. నల్లది కావాలంటే పక్కన పెట్టిస్తాను. వేరేవాళ్ళు అడుగుతున్నారు.

టీచరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఓనరు ముందే గొడవ పెట్టుకుంది.

తమ్ముడు


ఏప్రిల్ 22

చిన్నోడా,

దుకాణం అబ్బాయి ఇచ్చిన రంగుల కాగితం తీసి నీ ఉత్తరం పక్కన పెట్టాను. "వెచ్చగా, విశాలంగా, సభామందిరంలో కూర్చున్న అనుభూతిని కలిగిస్తుంది." నీ వాక్యం, వాళ్ళ వాక్యం ఒకటే. కామాలతో సహా. నువ్వు "అనుభూతి" అనే మాట నీ జన్మలో వాడలేదు.

ముందు కోపం వచ్చింది. తర్వాత నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను.

ఫోన్ జేబులో మోగినా తెలియదని రాశావు. కుయ్‌మనే శబ్దం టీచరమ్మకి రెండుసార్లు వినిపించింది, నీకు మీటరు చూస్తే గానీ తెలియలేదు, మీటరూ చెప్పలేదు. వేలికి తెలిసేవన్నీ రాశావు, కంటికి కనిపించేవన్నీ రాశావు. పదహారేళ్ళు వాయించినవాడివి ఒక్క గడి నింపలేక అచ్చు కాగితం చూసి రాశావు. కిందటేడు వచ్చినప్పుడు పిల్ల వెనక నుంచి మావయ్యా అని నాలుగుసార్లు పిలిచింది. పేపర్లో మునిగిపోయావనుకున్నాం.

నీకు వినిపించడం లేదు.

తప్పయితే తప్పని రాయి, క్షమాపణ చెబుతాను. నిజమైతే అవునని ఒక్క మాట రాయి. మీ బావకి చెప్పలేదు.

అక్క


మే 2

అక్కా,

అవును.

ఒక్క మాట చాలన్నావు గానీ, మొదలెట్టాక ఆగడం లేదు.

కీబోర్డు మీద శ్రుతి మార్చే మీట ఒకటుంటుంది. పాటగాడి గొంతుని బట్టి ఒక మెట్టు పైకో కిందికో జరుపుకుంటాం. రెండేళ్ళ కిందట ఒక కచేరీలో, ముందు పాటకి జరిపినదాన్ని వెనక్కి తేవడం మర్చిపోయాను. అందరూ ఒక శ్రుతిలో, నేను ఒక మెట్టు పైన. పల్లవి అంతా అలాగే వాయించాను. మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది అక్కా, మొదటి స్వరానికే చెవి గుచ్చుకుని సర్దుకుంటారు. నాకు తెలియలేదు. పాడేవాడు ఆగిపోయి నా వంక చూస్తే, వాడు మాట మర్చిపోయాడనుకుని అందిద్దామని చూశాను. ఆ వారమే మానేశాను. నీ మాట వల్ల కాదు. నీ మాట సమయానికి అందివచ్చింది, అందరికీ అదే చెప్పాను.

డాక్టరు కుడి చెవి పోయినట్టే అన్నాడు. ఎడమ చెవికి కింది స్వరాలు తెలుస్తాయి, పైవి తెలియవు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి లాక్కొస్తాను. చెవి మిషను పెట్టి చూశాను. మాట కొంత నయం, సంగీతం మాత్రం డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. తీసి సొరుగులో పడేశాను.

ఓనరుకి తెలియదు. తెలిస్తే రిపేరైన వస్తువు బాగుందని సంతకం పెట్టే పని నాకెందుకిస్తాడు? నలభై మూడేళ్ళవాడికి ఇంకో పని ఎవరిస్తారు? మీటరుతో నెట్టుకొస్తున్నాను. ఎవరికీ చెప్పకు.

తమ్ముడు


మే 9

చిన్నోడా,

చెప్పను. ఓనరుకి కూడా నేను చెప్పను, నువ్వే చెబుతావు.

పోతుందని నువ్వు భయపడే ఉద్యోగం టీచరమ్మ రూపంలో ఇప్పటికే కదులుతోంది. ఆవిడ అబద్ధం ఆడలేదు. డబ్బు తీసుకున్నారు, పని కాలేదు, పైగా ఆవిడ చెవులదే తప్పన్నారు. ఆవిడ మూడోసారి వచ్చేలోపు ఓనరుకి నీ నోటితో తెలిస్తే ఒక రకం, ఆవిడ నోటితో తెలిస్తే ఇంకో రకం. ఇంతకంటే సలహా నా దగ్గర లేదు.

పదిహేడున పొద్దుటి బండికి వస్తున్నాను. నా కీబోర్డు నేనే చూసుకుంటాను. దీపాలది వద్దు, నల్లదీ చిన్నదీ కౌంటరు మీద పెట్టించు. వేళ్ళ సంగతి నువ్వు చూశావు, మిగతాది నేను వింటాను. టీచరమ్మ కీబోర్డు దుకాణంలోనే ఉంటే అదీ పెట్టు.

నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దు. నేనూ పెట్టుకోను. టిక్కెట్టు రాను పోను తీసుకున్నాను, సాయంత్రం బండికి వెళ్ళిపోవాలి.

అక్క


మే 25

అక్కా,

నల్లది క్షేమంగా చేరిందని బావ మెసేజ్ పెట్టాడు. "ఇంట్లోకి ఏదో శవపేటిక వచ్చింది" అని రాశాడు.

ఆ రోజు నువ్వు కళ్ళు మూసుకుని ఒక్కో మీటా నొక్కుతూ గంటన్నర కూర్చుంటే, ఓనరు నా దగ్గరికి వచ్చి "ఎవరయ్యా ఈవిడ, బేరమాడదు, కదలదు" అన్నాడు. మా అక్క అన్నాను. "నోటీసు అక్కా?" అన్నాడు. నువ్వు టీచరమ్మ కీబోర్డు నాలుగు మీటలు నొక్కి, "కుయ్‌మంటోంది, పైనుంచి రెండో సప్తకం మొత్తం" అని మామూలుగా చెప్పావు చూడు, అప్పుడు ఆయన ముందు నీ వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

సోమవారం చెప్పాను. ఆయన కౌంటరు తుడుస్తున్నాడు. గుడ్డ ఆపి, నా ఎదురుగా వచ్చి నిలబడి, నెమ్మదిగా మాట్లాడాడు.

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు."

"అంటే నా దగ్గర చేరినప్పటి నుంచీ."

"అవును సార్."

"ఎంతమంది వెనక్కి తేకుండా ఊరుకున్నారో ఏమో."

 మర్నాడు పిలిచాడు. సంతకం పెట్టే పని తీసేశాడు. విప్పడం, బిగించడం మాత్రం నాదే, జీతంలో మూడో వంతు తగ్గుతుంది. "నీ చేతులకి నేను వంక పెట్టను, నీ సంతకానికి పెడతాను" అన్నాడు. రిపేరయినవి వారానికి రెండుసార్లు టీచరమ్మ వచ్చి వింటుంది. ఆమెకి కొంత ఇస్తారు. నా మూడో వంతులోంచే అనుకుంటాను. ఆమె కీబోర్డులో చిన్న భాగం ఒకటి ఉబ్బిపోయి ఉంది, మార్చాను. విని తలూపింది, నా వంక చూడలేదు.

గది మారాలి, చిన్నది చూస్తున్నాను. రాత్రిళ్ళు నిద్ర మాత్రం పడుతోంది.

తమ్ముడు


జూన్ 16

చిన్నోడా,

పాట అయింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. పెన్‌డ్రైవులో వేసి పంపుతున్నాను. ఎలా ఉందో చెప్పమని అడగడం లేదు. చేశానని తెలియాలి, అంతే. నిన్ననే ఫిజియో అమ్మాయికి కూడా ఇచ్చాను.

నల్లది నువ్వు చెప్పినట్టే ఉంది. మీట చివరి పట్టు నిజం. ధ్వని గడి నేనే నింపాను: కింది స్వరాలు బరువుగా, కొంచెం మసకగా ఉంటాయి. పైవి శుభ్రం.

గది దొరికిందా? కిటికీ ఉన్నది చూసుకో.

అక్క


జూన్ 24

అక్కా,

దొరికింది. కిటికీ ఉంది, తలుపే సరిగ్గా పడదు.

మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు పెట్టాను. ఎడమ చెవికి హెడ్‌ఫోను అదిమిపట్టి, మీటరు ఎదురుగా పెట్టుకున్నాను. కింది వరస అంతా తెలిసింది. ఆ అడుగు బాగుంది అక్కా, తోసినట్టు ఉండదు, చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది. లేచి కౌంటరు నుంచి తలుపు దాకా నడిచి చూశాను, ఎక్కడా తడబడలేదు. మధ్య వరస ముప్పాతిక తెలిసింది. ఓనరు చూసి "ఏమయ్యా, మోకాలు కూడా పోయిందా?" అన్నాడు. ఇన్నాళ్ళకి నాతో వేసిన మొదటి జోకు.

రెండు నిమిషాల నలభై దగ్గర నుంచి కింది వరస ఒక్కటే మిగిలింది. కానీ అడుగుకీ అడుగుకీ మధ్య కూడా ముల్లు సున్నాకి పడకుండా ఊగుతూనే ఉంది. దాదాపు నిమిషం. అక్కడ పైన ఏదో జరుగుతోంది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ ముల్లునే చూశాను.

నాకు అందేలా కిందికి దింపి చేసుండవచ్చు కదా అని ఒక క్షణం అనిపించింది. దింపి ఉంటే నీతో మాట్లాడేవాణ్ణి కాదని వెంటనే అనిపించింది.

అక్కడ ఏముందో రాయి. రంగుల కాగితంలా కాదు.

తమ్ముడు


జూలై 2

చిన్నోడా,

దింపాలన్న ఆలోచన రాలేదు. పాట అక్కడికి వెళ్ళింది, నేను వెళ్ళాను.

వార్డులో నడవా వాళ్ళ నడకకి సుమారు నూట యాభై అడుగులు. చివర గోడ దగ్గర వెనక్కి తిరగాలి. అందరూ భయపడేది అక్కడే అని ఫిజియో అమ్మాయి చెప్పింది. తిరగడానికి ఎనిమిది తాళం దెబ్బలు పడతాయి, ఒక్కొక్కరికి పది. రెండు నిమిషాల నలభై అంటే ఆ తిరిగే చోటు దగ్గరపడే వేళ.

అక్కడ మధ్య వరస ఆపేశాను. కింది అడుగు ఒక్కటే నడుస్తుంది, అది నీకు తెలిసింది. దాని మీద కుడిచేతి చివర నుంచి ఒక ధ్వని వస్తుంది. గాజు గ్లాసు కడిగి, దాని అంచు మీద తడి వేలు తిప్పితే వస్తుంది చూడు, అలాంటిది. మొదలైనట్టు తెలియదు, కొంచెం సేపటికి ఉన్నట్టు తెలుస్తుంది. పై సప్తకంలో గ. రెండడుగులకి ఒక స్వరం. గ, మ, ప, అక్కడి నుంచి ధ మీద చాలాసేపు నిలబడి, ని దాకా వెళుతుంది. పైన స ఉందని అందరికీ తెలుసు, చెవి అక్కడికి వెళ్ళాలని చూస్తుంది. వెళ్ళనివ్వలేదు. ని మీదే ఎనిమిది దెబ్బలు ఆపాను. ఆ ఎనిమిదింట్లోనూ అది సన్నబడుతుంది గాని తెగదు. మనిషి తిరుగుతున్నాడు కదా, తిరిగేదాకా ఉండాలి.

తర్వాత దిగుతుంది, వెళ్ళినదానికంటే తొందరగా. దిగేటప్పుడు ప దగ్గర నా వేలు జారి పక్క మీట తగిలింది. ఒక చిన్న గీటు పడినట్టు వినిపిస్తుంది. తుడిచేద్దామనుకున్నాను. ఫిజియో అమ్మాయి వద్దంది. మంచం నంబరు నాలుగు పెద్దాయన పాత లారీ డ్రైవరట, మూడు రోజులుగా గోడ వదలనివాడు, ఆ గీటు దగ్గర "ఆవిడా తడబడింది" అని నవ్వి చెయ్యి వదిలాడట. అందుకని ఉంచాను.

అక్కడి నుంచి మధ్య వరస మళ్ళీ కలుస్తుంది. పై ధ్వని దాని లోపలికి వెళ్ళిపోతుంది, ఎక్కడ వెళ్ళిందో నేను కూడా చెప్పలేను, నాలుగుసార్లు విన్నాను.

అంతే. నిమిషానికి రెండు సెకన్లు తక్కువ.

ఇప్పుడు మళ్ళీ పెట్టి, ఈ కాగితం పక్కన పెట్టుకుని ముల్లు చూడు. ని దగ్గర ఎనిమిది దెబ్బలూ, అడుగుకీ అడుగుకీ మధ్య అది నిలకడగా దిగుతూ ఉండాలి. వణికితే రాయి, అది నా వేలి తప్పు, సరిచేస్తాను.

అక్క